చిలకలు అరిస్తేనే మోగే కాపలా: జొన్నచేలో బర్డ్‌నెట్

జొన్న కంకి పాలు పోసుకున్నది మొదలు గింజ గట్టిపడేదాకా చిలకల కాపలా తప్పదు. మంచె ఎక్కే మనిషి దొరకని చోట టైమర్ పెట్టిన గ్యాస్ గన్ను పెడుతున్నారు. పిట్ట ఉన్నా లేకున్నా పేలుతుంది కాబట్టి చిలకలు దాన్ని త్వరలోనే లెక్కచేయడం మానేస్తాయి. గుంపు వచ్చినప్పుడే మోగితే ఆ అలవాటు ఆలస్యంగా పడుతుంది. అసలు పడకుండా పోదు. ఇక్కడ చెప్పేది అలాంటి ఏర్పాటే: మైకు విన్న అరుపు చిలకదని బర్డ్‌నెట్ అనే కంప్యూటర్ మోడల్ పోల్చుకుంటే స్పీకర్ మోగుతుంది.

చిలక ఎగిరొస్తూ గోల చేస్తుంది, వాలి తినేటప్పుడు పెద్దగా గొంతెత్తదు. అందుకే మైకు చేను నడుమ కాదు, గుంపు వచ్చే వైపు గట్టు మీద, కంకుల కంటే ఓ మీటరు ఎత్తులో ఉండాలి. ఆకులకు దగ్గరైతే గలగల తప్ప ఇంకేమీ వినపడదు. మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి. ఉత్త ఫోమ్ గాలికి ఆగదు.

సామాను: రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), యూఎస్‌బీ మైకు, రిలే (కంప్యూటర్ చెబితే పడే స్విచ్చు), చిన్న ఆంప్లిఫయర్, 20 వాట్ల హారన్ స్పీకర్, 12 వోల్టుల 20 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, 40 వాట్ల సోలార్ ప్యానెల్, బ్యాటరీ వోల్టేజీని కంప్యూటర్‌కు తగ్గించే 5 వోల్టుల 3 ఆంపియర్ల కన్వర్టర్. ఈ కంప్యూటర్ సుమారు 4 వాట్లు లాగుతుంది, పగటి 13 గంటలకు 52 వాట్-అవర్లు. చిలకలు రాత్రి రావు, అప్పుడు ఆపేయండి. చవక కన్వర్టర్‌తో వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ రీబూట్ అవుతుంటుంది, ఎస్‌డీ కార్డు పాడయ్యేది కూడా ఎక్కువగా అందుకే.

కార్నెల్, కెమ్నిట్జ్ విశ్వవిద్యాలయాల బర్డ్‌నెట్ మోడల్ శబ్దాన్ని 3 సెకన్ల ముక్కలుగా వింటుంది. దాన్ని నడపడానికి బర్డ్‌నెట్-గో అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అది గుర్తించిన పిట్ట పేరును ఎంక్యూటీటీలో (ప్రోగ్రాములు ఒకదానికొకటి కబురు పంపుకునే పద్ధతి) పంపుతుంది, చిన్న పైథాన్ స్క్రిప్టు అందుకుని రిలే వేస్తుంది. అక్షాంశ రేఖాంశాలు ఇవ్వకపోతే మన దేశంలో లేని చిలకలన్నీ లిస్టులోకొస్తాయి. పిట్టను గుర్తించినట్టు లెక్కించడానికి కావలసిన కనీస స్కోరును, అంటే కాన్ఫిడెన్స్‌ను, 0.7తో మొదలుపెట్టండి. అది 70 శాతం ఖాయమని కాదు, మోడల్ ఇచ్చే స్కోరు, అంతే. మొదటి రెండ్రోజులు స్పీకర్ కలపకుండా క్లిప్పులు వినండి. తప్పులు ఎక్కువైతే 0.8కి పెంచండి, గుంపులు తప్పిపోతుంటే 0.6కి దించండి.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే: స్పీకర్లో చిలక ఆర్తనాదం వేస్తే మైకు దాన్నీ చిలకే అనుకుంటుంది, మళ్లీ మోగిస్తుంది, ఆ గొలుసు తెగదు. మోగుతున్నంతసేపూ, ఆగాక మరో 20 సెకన్లూ వచ్చే డిటెక్షన్లను (చిలక అని గుర్తించిన కబుర్లను) స్క్రిప్టు పట్టించుకోకూడదు. ఒక్కో మోతా 10 సెకన్లు మించొద్దు. ఆర్తనాదం, డేగ కూత, డబ్బా చప్పుడు లాంటివి ఐదారు ఫైళ్లు పెట్టి వరస లేకుండా మార్చండి, నాలుగైదు రోజులకోసారి స్పీకర్ చోటు కూడా. కంకి పాలు పోసుకోకముందే మోగిస్తే చిలకలు అలవాటు పడిపోయి, అసలు సమయానికి బెదరవు.

పిచ్చుకలు, మునియాలకు (గింజలు తినే చిన్న పిట్టలు) ఈ ఏర్పాటు అంతగా పనికిరాదు. వాటి గొంతు చిలకలంత పెద్దది కాదు, దూరం నుంచి మైకుకు సరిగా అందదు. వాటికి వల కప్పడమే నయం.