ఇవాళ ఒక్క బిళ్ళ

తెల్లవారుజామున మూడున్నరకి మెలకువ వచ్చింది. కిడ్నీలో రాయి వల్ల ఎడమపక్క నడుము పైన మొదలై పొత్తికడుపులోకి దిగే నొప్పి, ఆరేళ్ళుగా వస్తోంది, దాని దారి నాకు బాగా తెలుసు. కూర్చోలేను, పడుకోలేను, మెలిపెట్టి కాసేపు వదులుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ పట్టుకుంటుంది. వంటింట్లో లైటు వేసి హాట్ వాటర్ బ్యాగ్‌ కోసం నీళ్ళు పెట్టాను. గిన్నె చప్పుడుకి అత్తయ్య లేచి వచ్చారు. "ఏటమ్మా, మళ్ళీ వచ్చిందా?" అంటూ ముందు నా నుదురు పట్టుకుని చూశారు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా ఇంట్లో ఒక్క గంట కూడా ఉండొద్దని డాక్టరు చెప్పిన మాట నాకంటే ఆవిడకే బాగా గుర్తు. జ్వరం లేదు.

తర్వాత అడగాల్సిన మాట అడిగారు. "నొప్పికా, భయానికా?"

బిళ్ళల డబ్బా పోయిన సంక్రాంతి నుంచి అత్తయ్య ట్రంకుపెట్టెలో ఉంటోంది. నేనే ఇచ్చాను. మొదటిసారి ఆవిడ ఈ ప్రశ్న వేసినప్పుడు ఏడుపొచ్చేసింది, ఇంత బాధపడుతుంటే లెక్కలడుగుతారా అని. ఇవాళ "నొప్పికే అత్తయ్యా" అన్నాను. ఒక పారాసెటమాల్ తీసి చేతిలో పెట్టారు. వేడి బ్యాగు కొంగుతో నడుముకి కట్టుకుని పెరట్లో అటూ ఇటూ నడిచాను. తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకోవాలనే అనుకున్నాం. తట్టుకోలేని నొప్పికి మందు తీసుకోవడం తప్పు కాదని, నీకు నువ్వే వేసుకుంటూ పోతేనే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పారు. ఐదింటికి మెల్లగా దిగింది.

ఆ డబ్బా కథ రాయాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, అయినా రాస్తాను. రెండేళ్ళ కిందట ఇలాంటి నొప్పికే ట్రమడాల్ అనే, అలవాటు పడిపోయే నొప్పిమందు కలిసిన బిళ్ళలు ఐదు రోజులకి రాసిచ్చారు. ఐదు రోజులయ్యాక నేను ఆపలేదు. పర్లాకిమిడిలో మందుల షాపుల వాళ్ళకి నా మొహం తెలుసు కాబట్టి, అదే పాత చీటీ పట్టుకుని ఆటోలో ఏరు దాటి పాతపట్నం వెళ్ళి కొనుక్కునేదాన్ని. నొప్పి లేని రోజు కూడా బిళ్ళ వేళ అయ్యేసరికి ఒళ్ళంతా లాగడం, చెమటలు, ఆగని ఆవులింతలు. అది రాయి వల్లే అనుకున్నాను. రాయి కాదు, బిళ్ళ అడుగుతోంది. ఆ మందుని 2018లో మత్తుపదార్థాల చట్టం కిందకి తెచ్చారని కూడా నాకు తర్వాతే తెలిసింది. ఒక్కసారిగా మానేస్తే ఇంకా ఇబ్బంది పడతావని డాక్టరు కొన్ని వారాల మీద తగ్గిస్తూ మాన్పించారు.

మాన్పించాక ఊరుకున్నానా, డైక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి బిళ్ళ వైపు వెళ్ళాను. అది మత్తుమందు కాదు కదా అని ధైర్యం. మా మావయ్యది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు, ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళో చదువురాని ముసలమ్మ కూడా కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో తన క్రియాటినిన్ ఎంతో చెప్తుంది. ఆయన జబ్బు వేరు, నా రాయి వేరు, అది నాకు తెలుసు. కానీ నా చేతిలో స్ట్రిప్ చూసి, "ఉన్న మంచి కిడ్నీల్ని నువ్వెందుకే పాడుచేసుకుంటావు" అన్నాడు, అరవకుండా, చాలా నెమ్మదిగా. ఆ రకం మందులు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయని, ఒంట్లో నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు ఇంకా చెడు చేస్తాయని డాక్టరు కూడా చెప్పారు. నేనేమో నీళ్ళు తాగకుండా అవే మింగేదాన్ని.

నీళ్ళెందుకు తాగేదాన్ని కాదంటే నా కుట్టు దుకాణంలో బాత్రూమ్ లేదు. పదింటికి మిషను ముందు కూర్చుంటే సాయంత్రం దాకా అంతే. మనలో ఎంతమంది ఆడవాళ్ళు ఇలాగే బిగబట్టుకుని పని చేస్తున్నారో. ఇప్పుడు పక్కింటి పిన్నిని అడిగాను, ఆవిడ వెనక తలుపు తీసి ఉంచుతుంది. ఇంత చిన్న మాట అడగడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. సీసాకి దారాలు కట్టుకున్నాను, పదకొండింటికి ఎర్రదారం దాకా, ఒంటిగంటకి పచ్చదారం దాకా తాగాలి, తర్వాత మళ్ళీ నింపాలి. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలంటే ఈ ఎండల్లో మూడు లీటర్ల పైనే తాగాలి. ఇవాళ పచ్చదారం దాటాను.

మధ్యాహ్నం పెళ్ళివాళ్ళ జాకెట్లకి లైనింగ్ వేస్తుంటే పక్కలో చిన్నగా చురుక్కుమంది. అంతే, చేతులు చల్లబడిపోయాయి. రేపటికి ఆరు జాకెట్లు ఇవ్వాలి, రాత్రికి పెద్ద నొప్పి వస్తే ఎలా? భోజనానికి ఇంటికెళ్ళి డబ్బా అడిగాను. అత్తయ్య అదే ప్రశ్న వేశారు. గుమ్మం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. "భయానికే" అన్నాను. ఆవిడేమీ అనలేదు, ఉప్పు వెయ్యకుండా నిమ్మరసం కలిపి తెచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చున్నారు. అన్నంలోకి ఉలవచారు, పెరుగు. క్యాల్షియం రాయి అని ఎవరో చెప్తే పాలూ పెరుగూ ఏడాది మానేశాను, అది తప్పట. తిండిలో క్యాల్షియం ఉంటేనే, రాయి కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్‌ని పేగుల్లోనే పట్టేసి బయటికి పంపుతుందట. మానాల్సింది ఉప్పు. ఎండుచేప మానడం మాత్రం కష్టంగానే ఉంది. మూడింటికల్లా ఆ చురుకు దానంతటదే పోయింది.

రాత్రి టీ వడకట్టే పాత జాలీలో చూశాను. మూత్రం అందులోంచే పోనిచ్చి, రాయి పడితే తీసి పరీక్షకి ఇవ్వాలి. ఏమీ పడలేదు. 4 మిల్లీమీటర్ల రాయి, అంత చిన్నవి చాలావరకు వాటంతటవే బయటికొచ్చేస్తాయి అన్నారు, చూడాలి.

కొలతల పుస్తకం వెనక పేజీలో తేదీ వేసి 'పారాసెటమాల్ 1' అని రాశాను. మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, ట్రంకుపెట్టె తాళంచెవి కొంగున ముడేసుకుని పడుకున్నారు అత్తయ్య.