‘హార్ట్ ఆఫ్ గ్లాస్’: లయపెట్టె కట్టిపడేసిన పాట

మన బడి సంగీతం పిరియడ్‌లో తొడ మీద చరుచుకుంటూ నేర్చిన మిశ్ర చాపు, అంటే ఏడు దెబ్బల తాళం, గుర్తున్నవాళ్లు బ్లాండీ బ్యాండ్ ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’ పాటను ఒకసారి లెక్కపెడుతూ వినండి. పాడే భాగమంతా నాలుగు దెబ్బల నడక. మధ్యలో గొంతు ఆగి వాద్యాలే మిగిలిన చోట రెండు నాలుగుల ఎనిమిదిలో ఒక దెబ్బ తగ్గి ఏడు లెక్క వస్తుంది. నాలుగు, మూడు అని విడగొట్టుకుంటే దొరుకుతుంది. నాలుగుకి అలవాటుపడ్డ కాలు అక్కడ తడబడుతుంది. డాన్సు హాళ్లను ఊపిన పాటలో ఇంత మెలిక పెట్టడం సామాన్యం కాదు.

గాయని డెబీ హ్యారీ, గిటారిస్టు క్రిస్ స్టైన్ 1974లో న్యూయార్క్‌లో ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. అక్కడి సీబీజీబీ అనే క్లబ్బులో వాయించే పంక్ (గరుకైన, వేగమైన రాక్ సంగీతం) గుంపులో వాళ్లూ ఒకరు. 1975 నాటికే ఈ పాట వేరే పేరుతో, నెమ్మది నడకతో వాళ్ల దగ్గర ఉంది. తమలో తాము ‘డిస్కో పాట’ అనుకునేవారు, డిస్కో అంటే డాన్సు హాళ్ల సంగీతం. మూడేళ్లపాటు ఎటూ తేలలేదు. 1978 వేసవిలో మూడో ఆల్బమ్ ‘పారలల్ లైన్స్’ రికార్డింగుకు నిర్మాత మైక్ చాప్‌మన్ వచ్చి, మీ దగ్గర ఇంకేం పాటలున్నాయని అడిగితే ఇది బయటికొచ్చింది.

అసలు పని అక్కడే మొదలైంది. రోలాండ్ కంపెనీ సీఆర్-78 లయపెట్టె, అంటే తనంతట తానే తాళం వాయించే యంత్రం, అప్పుడే బజారులోకి వచ్చింది. అందులో మాంబో, బిగీన్ లాంటి లయలు తయారుగా ఉంటాయి. రెండు మీటలు కలిపి నొక్కితే రెండూ కలిసి మోగుతాయి. ఆ పెట్టె నుంచి వచ్చే సంకేతంతో సింథసైజర్‌ను (కరెంటుతో ధ్వనులు పుట్టించే వాద్యాన్ని) కూడా అదే లయకు కట్టారు. చిక్కల్లా డ్రమ్స్‌తోనే. పెట్టె వేగం మారదు, మనిషి చెయ్యి మారుతుంది. అప్పట్లో అంతా టేపు మీదే. ఇప్పటిలా తెర మీద దెబ్బను జరిపి సరిచేసే వీల్లేదు. అందుకని చాప్‌మన్ డ్రమ్మర్ క్లెమ్ బర్క్‌తో ముందు కాలిడ్రమ్ ఒక్కటే వాయించి రికార్డు చేయించాడు. మిగతా డ్రమ్ములు ఆ తర్వాత విడిగా. విసుగు పుట్టించే పద్ధతే, కానీ ఆ పాటలోని నున్నటి నడక దానివల్లే వచ్చింది.

వార్షికోత్సవంలో దీన్ని వాయించాలనుకునే పిల్లలకు ఒక మాట. వేగం నిమిషానికి 115 దెబ్బల దగ్గర పెట్టుకోండి. లయపెట్టె శబ్దాన్ని స్పీకర్లలోకే కాకుండా డ్రమ్మర్ చెవిలోకి కూడా పంపండి. లేకపోతే రెండో చరణానికే డ్రమ్మర్ ముందుకు పరుగెత్తుతాడు, సింథసైజర్ వెనకబడుతుంది, రెండూ మళ్లీ కలవవు. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాల పళ్లేలు) తేలిగ్గా, ఒకే బరువుతో పడాలి. పాడేవాళ్లు అరవకూడదు, డెబీ హ్యారీ పై స్థాయిలో గాలి కలిసిన సన్నటి గొంతుతో పాడింది. గొంతు పెంచితే ఆ చల్లదనం పోతుంది. ఏడు దెబ్బల చోటుకు ఒకరు పైకే లెక్కపెట్టాలి. సాధన మొదట్లో ఆ ముక్క ఒక్కటే పదిసార్లు వాయించండి.

సింగిల్‌గా, అంటే ఆల్బమ్ నుంచి విడిగా ఒక్క పాట రికార్డుగా, 1979 జనవరిలో విడుదలై ఫిబ్రవరికల్లా బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. నాలుగు వారాలు అక్కడే ఉంది. బ్రిటన్‌లో వాళ్లకు అంతకుముందే హిట్లున్నాయి, సొంత దేశంలో మాత్రం ఒక్కటీ లేదు. ఆ కొరత ఏప్రిల్ 28తో తీరింది, అమెరికా పాటల జనాదరణ పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానం దక్కింది. పాటలోని ఒక నాటు మాటను కొన్ని రేడియోలు వినపడకుండా చేశాయి. దానివల్ల పాటకొచ్చిన నష్టమేమీ లేదు.

పంక్ స్నేహితులు మాత్రం డిస్కోకు అమ్ముడుపోయారని నిందించారు. నాకది అన్యాయంగానే తోస్తుంది. డిస్కో జోరులో ఉందని అప్పటికప్పుడు అల్లిన పాట కాదిది, మూడేళ్లుగా వాళ్ల దగ్గరున్నదే. బ్యాండ్‌లో కూడా అందరికీ నచ్చలేదు. క్లెమ్ బర్క్ మొదట్లో వేదిక మీద వాయించనన్నాడు. హిట్ అయ్యాక వాయించక తప్పలేదు.