హాగరు నీళ్లు

ఆ శుక్రవారం పాస్టరు గారు ఆదికాండం 16వ అధ్యాయం తెరవమన్నారు. హాగరు కథ. మా వరసలో ఏడుగురు ఆడవాళ్లం కూర్చున్నాం. ఒకామె నర్సు. తక్కిన ఆరుగురం కద్దామాలం, అంటే కువైటోళ్ల ఇళ్లలో పనిచేసేవాళ్లం. అయ్యగారు కూడా వారంలో ఆరు రోజులు ఏసీలు బిగిస్తారు, ఏడో రోజు వాక్యం చెబుతారు. శారా పెట్టే బాధ పడలేక హాగరు అరణ్యంలోకి పారిపోయింది, నీళ్ల బుగ్గ దగ్గర దేవదూత ఆమెకు కనబడి యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లి అణిగి ఉండమన్నాడు, కాబట్టి అమ్మలారా, ఓర్చుకోవాలి అన్నారు. వెనక నుంచి ఆమెన్‌లు వినబడ్డాయి. మా వరసలో మాత్రం ఒక్కరి నోరూ లేవలేదు.

నాకు ఆ వాక్యం కొత్త కాదు. దాన్ని పట్టుకునే మొదటి ఇంట్లో రెండు నెలలు ఎక్కువ ఉన్నాను.

మాది రాజంపేట దగ్గర పల్లె. మూడు బోర్లు వేశాం. మొదటి రెండూ దుమ్ము. మూడోదాంట్లో ఒక నెల ఉప్పునీళ్లు వచ్చి ఆగిపోయాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు మాత్రం ఆగలేదు. ఆడవాళ్లకు ముప్పై నిండితేగాని ఇంటిపనికి గల్ఫ్ పోనివ్వరు కదా, నాకు ముప్పై ఒకటి. 2017లో చెన్నైలో విమానం ఎక్కాను. ఏజెంటు 100 దీనార్లు అన్నాడు, వచ్చాక తెలిసింది 60 అని. అప్పట్లో దీనారు 210 రూపాయల పైన ఉండేది. లెక్క వేసుకుని, సరేలే, రెండేళ్లలో కాకపోతే నాలుగేళ్లు అనుకున్నాను.

మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది. పొద్దున ఐదుకు లేస్తే రాత్రి ఒంటిగంట. రంజాన్ నెలలో ఆ ఒంటిగంట కూడా లేదు, సహూర్, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం, ఆ గిన్నెలు కడిగేసరికి తెల్లవారేది. మూడో నెల నుంచి జీతం అడిగితే "బుక్రా" అనేవాళ్లు. బుక్రా అంటే రేపు. అరబ్బీలో నేను మొదట నేర్చుకున్న మాట అదే. పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉండేది, ఫోను శుక్రవారం అరగంట ఇచ్చేది. ఒకసారి దిష్‌దాషా, అంటే మగవాళ్ల పొడుగు అంగీ, దాని మీద ఇస్త్రీ మడత తప్పిందని చెంప మీద కొట్టింది.

ఆ ఇస్త్రీ గదే నా ప్రార్థన గది. బైబిలు లేదు. పిల్లప్పుడు సండే స్కూల్లో మా జేజి కంఠస్థం చేయించిన బంగారు వాక్యాలున్నాయి. 121వ కీర్తన చెప్పుకునేదాన్ని. కొండల తట్టు కన్నులెత్తడంతో మొదలవుతుంది అది. మా ఊళ్లో గడప దాటితే కొండే. కువైట్‌లో కొండ ఎక్కడిది? కిటికీలోంచి చూస్తే నీలం, తెలుపు చారలతో పుట్టగొడుగుల్లాంటి నీళ్ల టవర్లు కనబడేవి. వాటినే చూస్తూ చెప్పుకునేదాన్ని. దేవుడు ఏమీ అనుకోడులే అని.

ఊరికి ఫోన్ చేసినప్పుడు "దేవుని దయవల్ల బాగున్నా, ఓర్పు ఇస్తున్నాడు" అనేదాన్ని. ఇప్పుడు చెబుతున్నాను, అది ఓర్పు కాదు, భయం. పారిపోయినట్టు కేసు పెడతారని భయం, అప్పులవాళ్ల భయం. దానికి బైబిల్లోంచి పేరు తెచ్చి పెట్టుకున్నాను, అంతే.

నాలుగు నెలల జీతం నిలిచిపోయాక ఒక రాత్రి చెత్త సంచి పారేయడానికి బయటికి వెళితే పక్కింటి హౌస్ డ్రైవరు పలకరించాడు. రాయచోటి అబ్బాయి. "ఏమక్కా, ఇట్ల చిక్కిపోయినావు?" అన్నాడు. ఆ ఒక్క మాటకే అక్కడే కూలబడి ఏడ్చాను. రెండు రోజుల తర్వాత అతనే మన ఎంబసీ దాకా తీసుకుపోయాడు. పేరు సలీం అనుకోండి, అసలు పేరు చెప్పను. చర్చిలో నేను చెప్పే సాక్ష్యంలో ఆ అబ్బాయి గురించి చెప్పినప్పుడల్లా "దేవుడు దూతను పంపాడు" అంటుంటారు. పంపాడు, నిజమే. ఆ దూత ఐదు పూటలా నమాజ్ చేస్తాడు.

ఎంబసీ షెల్టర్లో నలభై రోజులున్నాను. నాలుగు నెలల జీతంలో రెండు నెలలది చేతికి వచ్చింది, రిలీజ్, అంటే వేరే ఇంటికి పనికి మారే అనుమతి, వచ్చింది. మిగతాది వదులుకున్నాను. 2015లోనే ఇక్కడ ఇంటిపనివాళ్లకు చట్టం వచ్చిందని, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో రోజు సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు దాచుకోకూడదని అక్కడే విన్నాను. ఆ ముక్కలు బంగారు వాక్యాల లాగా కంఠస్థం చేశాను.

ఇక సంతోషం మాటకొస్తే, అది నాకు కొత్త ఇంట్లో కుదురుకున్నాక, శుక్రవారాల్లో దొరికింది. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. పాతకాలపు అమెరికన్ మిషన్ స్థలం. 1999లో ఒక కువైట్ దేశస్థుడే దానికి పాస్టరయ్యాడని తెలిసినప్పుడు నోరెళ్లబెట్టాను. అరబ్బీ వాళ్లు, మలయాళీలు, ఫిలిపినోలు, ఇథియోపియా వాళ్లు, మనవాళ్లు, అందరూ గంటల లెక్కన గదులు పంచుకుంటారు. మేం ముగింపు ప్రార్థనలో ఉండగానే తలుపు అవతల ఇంకో భాష వాళ్లు డ్రమ్ములు పట్టుకుని నిలబడతారు. గోడవతల ఆడవాళ్లు ఒక్కసారిగా కూత పెడతారు, మా పాట తాళం తప్పుతుంది.

మాలో సగం మంది కోనసీమ వాళ్లు, సగం కడప వైపు వాళ్లం. "యాడికి పోతాండావు" అంటే వాళ్లు పడిపడి నవ్వుతారు. వాళ్లు "అండీ" లేకుండా దేవుణ్ణి కూడా పిలవరని మేం ఏడిపిస్తాం. ఆరాధన అయ్యాక మాలియా అనే చోట టీ, ఎవరో ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, జీతాల సంగతులు, ఎక్స్ఛేంజ్ రేటు. పౌలు జైల్లో ఉండి "ఆనందించుడి" అని ఎలా రాశాడా అనుకునేదాన్ని. ఆయన దగ్గరికి కూడా ఎవరో వచ్చి పోతుండేవాళ్లని ఆ ఉత్తరంలోనే ఉంది. ఫిలిప్పీ నుంచి మనిషి వచ్చాడు, సాయం తెచ్చాడు. ఒక్కడే గదిలో మూలుగుతూ రాసింది కాదది.

2020లో కర్ఫ్యూ పెట్టినప్పుడు చర్చి మూతబడితే ఫోన్లో కూడుకున్నాం. నేను బెండకాయలు తరుగుతూ పాడేదాన్ని. ఒకరి గొంతు పల్లవిలో ఉంటే ఇంకొకరిది చరణంలో ఉండేది. అంత అపస్వరపు ఆరాధన ఎప్పుడూ చేయలేదు. అంతగా ఎప్పుడూ ఎదురుచూడలేదు కూడా.

ఆ రోజు వాక్యం విన్నాక ఇంటికొచ్చి ఆదికాండం మొత్తం తిరగేశాను. హాగరు 21వ అధ్యాయంలో మళ్లీ కనబడుతుంది. ఈసారి పారిపోలేదు, యజమానులే ఇంత రొట్టె, ఒక తిత్తి నీళ్లు ఇచ్చి పంపేశారు. నీళ్లు అయిపోయాయి. బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేక దూరంగా పోయి కూర్చుని ఏడ్చింది. అప్పుడు దేవుడు ఆమె కన్నులు తెరిచాడు, నీళ్ల ఊట కనబడింది. ఈసారి వెనక్కి పొమ్మనలేదు. బిడ్డను లేవనెత్తమన్నాడు. మరుసటి శుక్రవారం అయ్యగారికి ఈ మాట చెప్పాను. "ఆలోచిస్తానమ్మా" అన్నారు. ఇంకా ఆలోచిస్తున్నట్టే ఉన్నారు.

కొత్త ఇంట్లో నా పని ముసలమ్మను చూసుకోవడం. మామా ఓదా అంటాం, పెద్దమ్మ అని. షుగరు, కాళ్లు పడిపోయాయి, నోరు మాత్రం చురుకు. శుక్రవారం నాలుగు గంటలు నాకు సెలవు. తిరిగి రాగానే "ఈ రోజు ఏం చెప్పారు?" అని అడుగుతుంది. హాగరు గురించి అన్నాను. ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. "హాజర్!" అంది. వాళ్ల కథలో ఆమె నీళ్ల కోసం సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది, బిడ్డ పాదాల దగ్గర నీళ్లు పుట్టాయి. హజ్‌కు పోయినవాళ్లు ఇప్పటికీ ఆమె నడిచినట్టే నడుస్తారట. ఒక పనిమనిషి వెనక అంతమంది నడుస్తారా అనుకున్నాను. పైకి అనలేదు.

పోయిన ఏడు ఆమె కొడుకు ఉమ్రాకు మక్కా వెళ్లి ఆ ఊటవే, జంజం నీళ్ల క్యాను తెచ్చాడు. గ్లాసులో పోసి తాగించాను. సగం తాగి, గ్లాసు నా వైపు జరిపింది. "తాగు యా బింతీ, హాజర్ నీళ్లు" అంది. బింతీ అంటే బిడ్డా అని.

ఒక్క క్షణం ఆగాను. ఊళ్లో పాస్టరమ్మ గుర్తొచ్చింది. తాగేశాను. కొంచెం ఉప్పగా ఉన్నాయి, మా మూడో బోరులో వచ్చిన నీళ్ల లాగే.