మీసానికి అంటుకున్న బీడీ

రిహార్సల్స్ మూడో రోజున మాస్టారి మీసానికి నిప్పంటుకుంది. పెద్ద ప్రమాదమేమీ కాదు. కుడివైపు కొస ముడుచుకుపోయి వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది, అంతే. ఆ మీసం మాస్టారిది కాదు, అద్దెకు తెచ్చింది. బీడీ మాత్రం నేను చుట్టిందే.

మాది తెనాలిలో ఓ చిన్న నాటక సమాజం. నేను వేషాలు వెయ్యను. లాంతర్లు, కుర్చీలు, పాతకాలం ఫోన్లు, స్టేజీ మీదికి ఏ సామాను కావాలన్నా పోగుచేసే పని నాది. ఈసారి నాటికలో ముసలి కరణం పాత్ర ఉంది. మొదటి సీన్లోనే అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించి, నాలుగు మాటలు మాట్లాడి ఆర్పేస్తాడు. ఆ వేషం వేసే మాస్టారు సిగరెట్లు మానేసి నాలుగేళ్లయింది. "పొగాకు ఘాటు తగిలిందంటే మళ్లీ మొదలెడతానురా, నా వల్ల కాదు" అని ముందే చెప్పేశారు. సినిమా షూటింగుల్లో పొగాకు లేని మూలికల సిగరెట్లు వాడతారు కదా, అలాంటివి మనమే చుట్టుకుందాం అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను, అదీ నా గొప్ప.

తులసి, పుదీనా, గులాబీ రేకులు డాబా మీద మూడు రోజులు ఎండబెట్టాను. మే నెల కదా, చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగిపోయేంతగా ఎండాయి. బాగా ఎండితే బాగా కాలుతుందని మురిసిపోయి, మిక్సీలో వేసి పొడి చేశాను. తునికాకు నిజామాబాద్‌లో ఉండే మా మేనకోడలు పంపించింది. వాళ్ల వీధిలో బీడీలు చుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆకు పొడిగా ఉంటే చుట్టడానికి రాదు, తడిపి గుడ్డలో చుట్టి ఉంచాలి మామయ్యా అని ఫోన్లో చెప్పింది. చుట్టే ఆకు గురించి చెప్పిన ఆ మాట లోపల పెట్టే ఆకుకీ వర్తిస్తుందని నా బుర్రకు తట్టలేదు.

మొదటి బీడీ వాసన మా డైరెక్టరుకి నచ్చలేదు. "ఇది బీడీ కంపా, చెత్త తగలబెట్టిన కంపా?" అన్నాడు. దాంతో నీలగిరి తైలం, లవంగ నూనె తెచ్చి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్లో కలిపి పొడి మీద చల్లాను. వాసన పోకుండా హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించి రాత్రంతా ఉంచాను. సాయంత్రం బీడీ చుట్టాను. మాస్టారు నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల దగ్గరికి తెచ్చారో లేదో, కొస దగ్గర నీలంగా ఒక మంట కదిలింది. ట్యూబులైటు వెలుగులో అది సరిగా కనిపించను కూడా లేదు. మరుక్షణం పసుప్పచ్చగా బెత్తెడు ఎత్తున భగ్గుమంది. ఆయన ఉలిక్కిపడి బీడీ పడేశారు కాబట్టి సరిపోయింది. మీసం అతికించే జిగురు కూడా స్పిరిట్లో కరిగించిన రెసినే. అది పూర్తిగా ఆరకముందే నిప్పు దగ్గరికి తీసుకెళ్లామన్న సంగతి మాకు తర్వాతగానీ వెలగలేదు.

తప్పంతా స్పిరిట్‌దే అని తేల్చేశారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. కానీ నాకు రుజువు కావాలి. ఆదివారం పెరట్లో నాలుగు స్టీలు గిన్నెలు పెట్టి, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకుని, ఒక్కో దాంట్లో చెంచాడు పొడి వేసి పొడవాటి పుల్లతో అంటించాను. స్పిరిట్ అప్పుడే చల్లిన పొడి నీలిమంటతో లేచింది, అనుకున్నదే. నూనెలు మాత్రమే కలిపింది చిటపటలాడి నల్లపొగతో మండింది. స్పిరిట్ చల్లి పళ్లెంలో పరిచి రోజంతా ఆరబెట్టింది నీలంగా మండలేదు గానీ, పసుపు మంట వచ్చింది. ఏమీ కలపని నాలుగో గిన్నె కూడా అలాగే మండింది! అంటే స్పిరిట్ మానేసినా సగం తప్పే పోతుంది. అసలు ఆకులోనే ఇంకోటి ఉందన్నమాట.

మా పక్కింట్లో కెమిస్ట్రీ లెక్చరర్ ఉంటారు. ఆయన నవ్వి, "మంటలో మండేది ఆకు కాదండీ, ఆకులోంచి వచ్చే ఆవిరి" అన్నారు. ఆల్కహాల్ ఆవిరి 13 డిగ్రీల దగ్గరే అంటుకునేంత చిక్కగా లేస్తుందట. మన వేసవికి సీసాలో అది నిండా ఉన్నట్టే. నీలగిరి తైలానికి 50 డిగ్రీలు దగ్గర దగ్గర చాలు. లవంగ నూనెకి 100 దాటాలి. ఆ స్పిరిట్లో తాగకూడని రసాయనాలు కూడా కలుపుతారని, దాని ఆవిరి మనిషి నోటి దగ్గర పెట్టడమేమిటని చివాట్లు పెట్టారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మంట సంగతి పక్కన పెట్టినా, అది చెయ్యకూడని పని.

మిగతా సగం తేల్చింది మా కొండపి బాబాయ్. ముప్పై ఏళ్లు పొగాకు పండించిన మనిషి. ఏదో పెళ్లికి వచ్చి మా ఇంట్లో దిగాడు. సీసా మూత తీసి చిటికెడు పొడి వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "ఇదేందిరా, పదునే లేదు. బారన్లోంచి దింపిన ఆకు మాదిరి ఉంది" అన్నాడు. పదును అంటే ఆకులో ఉండాల్సిన చెమ్మ, బారన్ అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం. అందులోంచి తీసిన పొగాకు కరకరలాడుతూ ఉంటుంది, ముట్టుకుంటే చాలు పొడైపోతుంది. అందుకని తలుపులు తెరిచి రాత్రి చెమ్మ పట్టనిస్తారు. ఆకు మెత్తబడి వంగే స్థితికి వచ్చాకే చెయ్యి పెడతారు. సిగరెట్లోని పొగాకు కూడా ఎండుటాకులా కనిపిస్తుంది గానీ, అందులో నూటికి పన్నెండు పదమూడు పాళ్లు తేమ ఉంటుంది. ఆ తేమ ఆవిరవడానికే కొంత వేడి పోతుంది కాబట్టి, మంట లేవకుండా నిప్పు మెల్లగా లోపలికి పాకుతుంది. నేను ఆ తేమంతా ఎండకి ఇచ్చేసి, పైగా మిక్సీలో పొడి చేసి, ప్రతి రేణువుకీ గాలి తగిలే ఏర్పాటు కూడా చేశాను. భగ్గుమనక ఏం చేస్తుంది?

పాతదంతా గొయ్యి తీసి పూడ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆకు నీడలో ఆరబెట్టాను, మిక్సీ జోలికి పోకుండా కత్తెరతో సన్నగా తరిగాను, జల్లెడ పట్టి పొడి తీసేశాను. వాసనకి నూనెలు లేవు. లవంగాలు, అతిమధురం వేసి గ్లాసుడు కషాయం కాచి, చల్లారాక 20 గ్రాముల ఆకు మీద చెంచాలో సగం కంటే కాస్త ఎక్కువ చిలకరించి, డబ్బాలో ఒక రోజు మూసి ఉంచాను. ఆకుముక్క విరక్కుండా వంగాలి, పిండితే చేతికి తడి అంటకూడదు. చెప్పడానికి ఒక్క ముక్కే. పదిహేను బీడీలు పాడయ్యాయి. కషాయం ఎక్కువైన రోజు బీడీ ఆరిపోతూ ఉంటే మాస్టారు డైలాగు మధ్యలో కొలిమి తిత్తిలా పీల్చాల్సి వచ్చింది. అసలే బీడీ సిగరెట్‌లా దానంతటది కాలుతూ ఉండదు, వదిలేస్తే ఆరిపోతుంది. చివరికి కషాయం కాస్త తగ్గించి, పెన్సిల్ మొనతో గట్టిగా కూరితే కుదిరింది.

మాస్టారిని చూసే డాక్టరుగారు మాత్రం సంతోషించలేదు. నికోటిన్ లేకపోయినా ఆకు కాలితే తారూ, కార్బన్ మోనాక్సైడూ వస్తాయి, పొగ పొగే అన్నారు. అందుకని లోపలికి పీల్చకుండా రెండే దమ్ములు అని మాట తీసుకున్నాం. మీసం జిగురు అరగంట ముందే పెట్టి ఆరనివ్వడం, బీడీ నోట్లో కాకుండా చేతిలో పట్టుకుని అంటించడం, అరుగు మీది చెంబులో తడి ఇసుక పోసి ఉంచడం, ఇవన్నీ మీసం నేర్పిన పాఠాలు.

ప్రదర్శన రోజు సైడ్ వింగ్‌లో ఇసుక బకెట్ పట్టుకుని నిలబడ్డాను. అగ్గిపుల్ల గీశారు. బీడీ కొసన ఎర్రగా చుక్కంత నిప్పు, పైకి సన్నటి పొగ, అంతే. మాస్టారు రెండు దమ్ములు లాగి, నాలుగు మాటలూ చెప్పి, చెంబులో కుక్కారు. ముందు వరసలో కూర్చున్న ఓ పెద్దావిడ పక్కావిడ వైపు వంగి, "లోపలెవరికో జలుబు చేసినట్టుందే, కషాయం కాస్తున్నారు" అంది.