ఐపీ పెడితే పరువు పోతదా?

మొన్న ఆదివారం ఉప్పల్‌లో మా ఇంటికి చిన్నాన్న వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్. అందులో పాసుపుస్తకం, బ్యాంకు నోటీసు, ప్రామిసరీ నోట్ల జిరాక్సులు. మంచినీళ్లు కూడా ముట్టకుండా, "ఐపీ పెడితే పరువు పోతదా బిడ్డా?" అన్నాడు.

పోదు చిన్నాన్నా, ఐపీ అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసుకునే దివాలా పిటిషన్, అది చట్టం ఇచ్చిన దారే అన్నాను. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం అందుకే ఉంది. కాకపోతే ఆస్తులూ అప్పులూ కోర్టుకు దాచకుండా చెప్పాలి.

ఆయన అసలు టెన్షన్ కాడెద్దుల గురించి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చదివి వినిపించాను: రైతు బతుకుదెరువుకు అవసరమని కోర్టు భావించిన పనిముట్లు, పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదు. అప్పుడు గ్లాసు అందుకున్నాడు.

బ్యాంకుకు తనఖా పెట్టిన పొలం సంగతి వేరు. దానికోసం బుధవారం వకీలు దగ్గరికి వెళ్తున్నాం.