లాభం పెరిగింది సరే, పెంచిందెవరు?

ఏటా ఆగస్టు వచ్చేసరికి కంపెనీల వార్షిక నివేదికలు మెయిల్లో వచ్చి పడతాయి. చాలామంది డివిడెండ్ ఎంతో చూసి వదిలేస్తారు. నేను ముందు ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) జీతం ఉన్న పేజీకే పోతాను. ఛైర్మన్ గారి తియ్యటి ఉత్తరంలో లేని సంగతులు అక్కడ ఉంటాయి మరి. 2013 కంపెనీల చట్టం పుణ్యమా అని లిస్టెడ్ కంపెనీలు ఇంకో అంకె కూడా బయటపెట్టాలి: ఉద్యోగులందరినీ జీతం వరసన నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతానికి ఒక్కో డైరెక్టర్ జీతం ఎన్ని రెట్లో. వందల రెట్లు కూడా కనిపిస్తాయి. నన్ను ఆపేది మాత్రం ఆ అంకె కాదు, లాభం పేరు చెప్పి ఆ జీతం పెరిగే తీరు.

పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మా బావమరిది ఈమధ్య అడిగాడు, "ఏటి బావా, లాభాలొస్తే ఆయనకి కోట్లు పెరుగుతాయి, మాకు బోనస్సు అక్కడే ఆగిపోద్దేటి?" అని. ఆగిపోతుంది, చట్టమే అలా రాశారు. బోనస్ కనీసం 8.33 శాతం, ఎక్కువలో ఎక్కువ 20 శాతం, అదీ వాడి జీతం మీద లెక్క. ఎండీకి పరిమితి నికర లాభం మీద: ఒక్కరే ఉంటే 5 శాతం, ఎక్కువమంది ఉంటే అందరికీ కలిపి 10, మిగతా డైరెక్టర్లనూ కలుపుకుంటే 11, అంతకు మించాలంటే వాటాదారుల అనుమతి. ఒకరికి జీతంలో శాతం, ఇంకొకరికి లాభంలో శాతం. లాభం పదింతలైతే అందులోంచి ఎండీకి ముట్టే వాటా, అదే కమిషన్, కూడా పదింతలు కావచ్చు, మావాడిది 20 దగ్గరే ఆగుతుంది.

లాభంతో ముడిపెట్టారంటే పనితీరుతో ముడిపెట్టినట్టే కదా అంటారు. నా అనుమానం సరిగ్గా అక్కడే. గరివిడి వైపు ఫెర్రో మాంగనీస్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రలోహం) సంగతి తీసుకోండి. దాని రేటు ఉక్కు మార్కెట్ చేతిలో ఉంటుంది, కరెంటు ఛార్జీలు రెగ్యులేటరీ కమిషన్ చేతిలో, ఖనిజం ధర ఇంకెక్కడో. మందుల ఎగుమతుల్లో అయితే రూపాయి పడిపోయినా లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. అలాంటి ఏడాది చూసి ఎండీకి కమిషన్ పెంచడమంటే, వానలు బాగా పడి తోటపల్లి ప్రాజెక్టు నిండితే గేట్లు తిప్పేవాడికి సన్మానం చేసినట్టే. 2001లో బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికా చమురు కంపెనీలను చూసి ఇదే చెప్పారు, చమురు ధర పెరిగితే చాలు, అధిపతుల జీతాలూ పెరుగుతున్నాయని. 2006లో గార్వే, మిల్‌బోర్న్ ఇంకో ముక్క చేర్చారు: అదృష్టం కలిసొస్తే జీతం పెరిగినంతగా, కలిసిరాకపోతే తగ్గడం లేదట. (మన దగ్గర కలిసిరాని ఏడాది నివేదికలో "ప్రతికూల మార్కెట్ పరిస్థితులు" అని ఒక పేరా వస్తుంది, మంచి ఏడాదిలో మాత్రం "అనుకూల పరిస్థితులు" అని ఎవరూ రాయరు.)

అందుకే నేను చెడ్డ ఏడాదే చూస్తాను. అయిదేళ్ల లాభం, జీతం పక్కపక్కన రాసుకుని, అదే వ్యాపారంలో ఉన్న ఇంకో రెండు కంపెనీలవి కూడా చూస్తే, ఎవరు గాలివాటానికి పైకెళ్లారో చాలావరకు తెలిసిపోతుంది. లాభమే లేకపోయినా అదే కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 5 కింద కంపెనీ మూలధనాన్ని బట్టి జీతం ఇచ్చుకునే దారి ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి.

ముకేశ్ అంబానీ 2008-09 నుంచి జీతం 15 కోట్లకే ఆపుకున్నారని, 2020-21 నుంచి అసలు తీసుకోవడం లేదని వాట్సాప్‌లో త్యాగం కథలా తిరుగుతుంది. అంత వాటా ఉన్న ప్రమోటర్‌కి (కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానికి) జీతం ఒక లెక్కా? కంపెనీ బాగుంటే ఆయన షేర్లే పెరుగుతాయి, డివిడెండ్ వస్తుంది. నన్నడిగితే పనితీరు కమిషన్ అవసరం అందరికంటే తక్కువ ఉన్నది ప్రమోటర్లకే, అయినా చాలామంది దర్జాగా తీసుకుంటారు.

వాటాదారులు అడ్డుపడరా అంటే, అప్పుడప్పుడు పడతారు. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో ఎండీగా సిద్ధార్థ లాల్ పునర్నియామకం, వేతనం కలిపి పెట్టిన ప్రత్యేక తీర్మానానికి దాదాపు 73 శాతం ఓట్లు పడ్డాయి. కావాల్సింది 75, వీగిపోయింది. వేతనానికి పరిమితి తగ్గించి మళ్ళీ ఓటుకు పెట్టాకే గట్టెక్కింది. అడ్డుపడింది నాలాంటి చిల్లర వాటాదారులు కాదు, పెద్ద సంస్థలు. నేనూ ఈ-ఓటింగ్‌లో "వ్యతిరేకం" నొక్కుతుంటాను గానీ దాని బరువెంతో నాకు తెలుసు.

మా బావమరిదికి షేర్లు లేవు, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేసే సిప్ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తమ దగ్గరున్న కంపెనీల తీర్మానాలన్నిటికీ ఓటు వెయ్యాల్సిందేనని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రూలు, ఎటు వేశారో, ఎందుకు వేశారో వెబ్‌సైట్లో పెట్టాలి కూడా. నీ ఫండ్ వాళ్ళు ఎండీల జీతాలకి ఎటు ఓటేశారో చూడరా అని లింక్ పంపాను. ఇంకా తెరిచినట్టు లేడు, నైట్ షిఫ్ట్ నడుస్తోందిట.