బురదలో కదలని ట్రైపాడ్

శీతాకాలంలో కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర పాటు మీద నీళ్ళు లాగేశాక బురద మీదికి వలస ఉల్లంకులు దిగుతాయి. మనకి రెండు మూడు వందల మీటర్ల అవతల మేస్తుంటాయి. ఆ గుంపులో గ్రేట్ నాట్ అనే ఉల్లంకి ఏదో, గుర్తు కోసం పరిశోధకులు కాలికి కట్టిన రంగు జెండా మీద అక్షరాలేమిటో తేల్చాలంటే స్కోప్‌ని, అంటే ట్రైపాడ్ మీద నిలబెట్టే ఒంటికంటి దుర్బిణిని, 40 రెట్లకో 60 రెట్లకో జూమ్ చెయ్యాలి. 60 దగ్గర పిట్టతోపాటు వణుకూ 60 రెట్లు పెద్దదవుతుంది. ఎంత ఖరీదైన అద్దాలున్నా, కింద ట్రైపాడ్ కాళ్ళు ఊగుతుంటే కనబడేది మసకే.

ట్రైపాడ్ పెట్టె మీద ‘8 కిలోలు మోస్తుంది’ అని రాసుంటే చాలామంది అది చూసి కొనేస్తారు. ఆ అంకె కొలవడానికి కంపెనీలన్నీ పాటించే పద్ధతంటూ లేదు. పైగా ఎంత బరువుకి కూలదో చెబుతుంది గానీ ఎంత వణుకుతుందో చెప్పదు. ముందు అద్దం 65 మి.మీ. వెడల్పుండే స్కోప్ ఒకటిన్నర కిలోలు, 85 మి.మీ.ది రెండు కిలోల దరిదాపు. అంత బరువు చవకరకం ట్రైపాడ్ కూడా మోస్తుంది. చూడాల్సింది కాళ్ళ లావు. పై గొట్టం కనీసం 25 మి.మీ., పెద్ద స్కోప్‌కయితే 28 గానీ 32 గానీ ఉండాలి. నాలుగు ముక్కల కాలు కంటే మూడు ముక్కలది నయం. అతుకు పెరిగినకొద్దీ కదలిక పెరుగుతుంది, నాలుగో ముక్క మరీ పుల్లలా ఉంటుంది.

మధ్య గొట్టం పైకి లేపితే మూడు కాళ్ళ మీద ఒంటి కర్ర నిలబెట్టినట్టే. అందుకని అది దించి ఉంచినప్పుడే ఎత్తు సరిపోవాలి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి, కన్ను పెట్టే చోటు వంగి ఉన్న స్కోప్ అయితే, కాళ్ళ ఎత్తు 125–130 సెం.మీ. చాలు. తిన్నగా ఉండే స్కోప్‌కి ఇంకో 10–15 సెం.మీ. కావాలి. వంగినదే తీసుకోమంటాను: ట్రైపాడ్ కిందికి ఉంటుంది, పిల్లలూ పెద్దలూ కాళ్ళు మార్చకుండా చూడొచ్చు.

కొట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. స్కోప్ బిగించి, పూర్తి జూమ్‌లో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు పట్టి, ఒక కాలిని వేలితో కొట్టండి. ఒకటి రెండు సెకన్లలో బొమ్మ నిలబడాలి. అంతకు మించి ఊగితే పక్కన పెట్టండి.

కార్బన్ ఫైబర్ తేలిక, వణుకు త్వరగా ఆగుతుంది, ఉప్పుగాలికి గొట్టం పాడవదు. ధర మాత్రం అల్యూమినియం కంటే బాగా ఎక్కువ. డబ్బు తక్కువైతే సన్నకాళ్ళ కార్బన్ జోలికి పోకుండా, లావు కాళ్ళ పాత అల్యూమినియం వీడియో ట్రైపాడ్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. మోత మూడు కిలోలవుతుంది, భుజం తిట్టుకుంటుంది, బొమ్మ మాత్రం నిలబడుతుంది.

ఇక హెడ్, అంటే కాళ్ళ మీద కూర్చుని స్కోప్‌ని తిప్పే భాగం. అందులో గుండు మీద అన్ని వైపులా తిరిగే బాల్ హెడ్ వద్దు. వదులు చెయ్యగానే స్కోప్ పక్కకి ఒరిగిపోతుంది. వీడియో కెమెరాలకి వాడే ఫ్లూయిడ్ హెడ్ అయితే ఎగిరే గుంపు వెంట మెత్తగా తిరుగుతుంది. స్కోప్ అడుగున బిగించే ప్లేట్ పొడుగుదైతే స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, తాళం వదిలినా ఒరగని చోట ఆపొచ్చు. ప్లేట్ మరను చిల్లర నాణెంతోనైనా గట్టిగా బిగించాలి. అది వదులైతే హ్యాండిల్ తిప్పినప్పుడు స్కోప్ కాస్త ఆలస్యంగా కదులుతుంది, జనం ఆ నేరం హెడ్ మీద వేస్తారు.

ఇక మన నేల. ఒండ్రులో కాళ్ళు మెల్లగా దిగుతూనే ఉంటాయి, దాంతో పిట్ట స్కోప్‌లోంచి జారిపోతుంది. 12 సెం.మీ. వెడల్పు గుండ్రటి ప్లైవుడ్ ముక్కలు మూడు కోసి, మధ్యలో చిన్న గుంట తీసి పాదాల కింద పెట్టండి. కాలు చాపేటప్పుడు అన్నిటికంటే కింది ముక్కని ముందు పూర్తిగా లాగండి, అప్పుడు తాళాలు బురదకి పైన ఉంటాయి. రొయ్యల చెరువు గట్టు వాలు మీదయితే రెండు కాళ్ళు పల్లానికి, ఒకటి మిట్టకి.

కోరింగ మడ అడవిలోని చెక్క నడవ మీద ఎవరు నడిచినా పలకలు అదురుతాయి. స్తంభాలకి దగ్గరగా కాళ్ళు పెట్టి, జనం దాటేదాకా ఆగాలి. పడవలో ట్రైపాడ్ దండగ, బైనాక్యులర్స్ తియ్యండి. గాలి బలంగా ఉంటే కాళ్ళు కుదించి కూర్చుని చూడండి. బరువు కోసం ట్రైపాడ్‌కి సంచీ వేలాడదీస్తే అది నేలకి ఆనాలి, ఊగితే ఇంకా చేటు. ఎండెక్కాక బురద మీద బొమ్మ అలలు అలలుగా కదిలితే అది వేడిగాలి పని. ట్రైపాడ్‌ని ఏమనకండి, జూమ్ తగ్గించండి.

ఇంటికొచ్చాక కాళ్ళు మూసే ముందే తుడిచి, మంచినీళ్ళతో కడిగి, అన్ని ముక్కలూ చాపి నీడలో ఆరబెట్టాలి. మెలితిప్పే తాళాల్లో ఇసుక కరకరమంటే కాలు ఊడదీయండి. లోపలి ప్లాస్టిక్ పట్టీలు ఏది ఎటు ఉందో ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మీట తాళాలు వదులైతే అలెన్ కీతో కొద్దిగా బిగించండి. కాళ్ళ పైకొసల్లో ఉండే బోల్టులు కూడా నెలకోసారి చూసుకోవాలి, కొత్త ట్రైపాడ్ హఠాత్తుగా ఊగడం మొదలుపెడితే చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.